సంతకాలు మావి, తీర్మానాలు ఎవరివి?

సంపాదకులకు నమస్కారం.

బడుల్లో అందరినీ కలుపుకుపోయే నాయకత్వం కావాలని ఈ మధ్య ప్రతి సభలోనూ చెబుతున్నారు. చంద్రగిరి మండలంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు నేను యాజమాన్య కమిటీ సభ్యురాలిని. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఆ పెద్ద మాట మా బడి గేటు దాటి లోపలికి ఎంతవరకు వచ్చిందో చెబుదామని ఈ ఉత్తరం.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం ముప్పాతిక మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అణగారిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది, నిధుల ఖర్చు చూసేది ఈ కమిటీయే. లెక్కకు మా దగ్గర ఏ లోటూ లేదు. యానాది కాలనీ నుంచి ఒకామె కూడా ఉంది. ఉంది అంటే, పుస్తకంలో ఉంది.

సమావేశం పనిరోజున, ఉదయం పదకొండింటికి పెడతారు. ఆ వేళకు ఆమె వేరుశనగ చేనులో ఉంటుంది. ఒక పూట కూలి వదులుకుని ఎవరు వస్తారు? సాయంత్రం తీర్మానాల పుస్తకం ఐదో తరగతి పిల్లవాడి చేతికిచ్చి ఇంటికి పంపుతారు. ఎక్కడ వేలిముద్ర వేయాలో పెన్సిలుతో గుర్తు కూడా పెట్టి ఉంటుంది. (ఆ శ్రద్ధకు మాత్రం మెచ్చుకోవాలి.) పైన ఏమి రాశారో చదివి వినిపించే దిక్కు లేదు.

దీని ఫలితం చూడండి. మా వీధిలో నాలుగో తరగతి చదివే అమ్మాయి చక్రాల కుర్చీలో బడికి వెళ్తుంది. ఆమె కోసం వరండా ముందు ర్యాంపు కట్టారు, పట్టుకోవడానికి పక్కన ఇనుప కమ్మీ వేశారు. ఫొటోలు తీసుకున్నారు. మరుగుదొడ్డికి వెళ్లే దారిలో మాత్రం రెండు మెట్లు అలాగే ఉన్నాయి. బడి వదిలేదాకా ఆ పిల్ల నీళ్లు తాగదు. ఆది జాకెట్టు అడగకుండానే గుడ్డకు కత్తెర వేసినట్లుంది వ్యవహారం. కట్టే ముందు ఆ తల్లిని ఒక్క మాట అడిగితే పోయేది. వికలాంగ పిల్లలకు బడి భవనం, అందులోని సౌకర్యాలు అందుబాటులో ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతూనే ఉంది.

ప్రధానోపాధ్యాయులను నిందించడం నా ఉద్దేశం కాదు. భోజనం లెక్కలు, యాప్‌లు, పైనుంచి వచ్చే ఫోన్లతోనే వారికి పొద్దు గడిచిపోతోంది. అయినా కొత్తగా వచ్చిన మేడమ్ ఒకసారి సమావేశాన్ని సాయంత్రం ఆరింటికి కాలనీలోనే పెట్టారు. అంతమంది తల్లులు రావడం నేనెప్పుడూ చూడలేదు. ఇటుక బట్టీ పనికి వెళ్లి కొన్ని నెలలకు తిరిగివస్తే పిల్లవాడికి పాఠం అందడం లేదని, వెనక కూర్చోబెట్టి వదిలేస్తున్నారని ఆ యానాది సోదరి అప్పుడే నోరు విప్పింది. ఆ సంగతి ఏ తీర్మానంలోనూ లేదు.

జిల్లా విద్యాశాఖ అధికారులకు నా మనవి: సమావేశాలు కూలి వేళలు దాటాక పెట్టించండి. అందరికీ చదివి వినిపించాకే సంతకాలు తీసుకోవాలని, తీర్మానాల నకలు గేటు దగ్గర బోర్డుకు అంటించాలని ఉత్తర్వు ఇవ్వండి. ఆ రెండు మెట్ల మీద వాలు కట్టడం ఒక్క రోజు పని అని మా ఊరి మేస్త్రీ అంటున్నాడు. దసరా సెలవుల్లోపు అయినా ఆ పని చేయించండి.

— ఒక తల్లి, యాజమాన్య కమిటీ సభ్యురాలు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా