ఆ గంటకు జీతం ఇప్పించండి

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక కళాశాల రైటింగ్ సెంటర్‌లో ట్యూటర్‌ని. విద్యార్థులు వ్యాసాలు, ప్రాజెక్టు నివేదికలు పట్టుకొని మా దగ్గరికి వస్తారు. తమ రాతను తామే సరిచేసుకోగలిగేలా వాళ్లకు తోడ్పడటం మా పని. అది ఎలా చేయాలో నేను చేరిన రోజు ఎవరూ చెప్పలేదు. బల్ల, రెండు కుర్చీలు, రిజిస్టరు చూపించి వెళ్లిపోయారు.

మొదట్లో ఒక అమ్మాయి వ్యాసం తెస్తే ఎర్ర కలంతో 40 నిమిషాలూ అక్షరదోషాలు, కామాలు దిద్దాను. సంతోషంగా వెళ్లింది. రెండు వారాల తర్వాత మరో వ్యాసంతో వచ్చింది. అవే తప్పులు! పైగా మొదటి వ్యాసం అసలు అడిగిన ప్రశ్నకు జవాబే కాదట. ప్రశ్న ఏమిటని నేను అడగనే లేదు. ఆమెకు మార్కులు తగ్గడంలో నా తప్పు కూడా ఉంది. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

ఆ తర్వాత ఒక సీనియర్ పనిచేస్తుంటే పక్కన కూర్చొని చూశాను. ఆమె కలం ముట్టుకోలేదు. "మీరే పైకి చదవండి" అన్నారు. మూడో పేరాలో ఆ అబ్బాయి తనంతట తానే ఆగిపోయాడు. ఆమె ఏమీ అనకుండా ఎదురుచూశారు. కాసేపటికి, "ఇది పైన రాసినదానికి విరుద్ధంగా ఉంది కదండీ" అన్నాడు. ఎంతసేపు మాట్లాడకుండా ఉండాలో తెలియడమే మా పనిలో అన్నిటికన్నా కష్టం. అది పుస్తకం చదివితే రాదు. చూడాలి, చేయాలి, చేసినదాన్ని తోటివాళ్లతో చర్చించుకోవాలి.

ట్యూటర్లకు శిక్షణ కావాలనడం కొత్త కోరికేమీ కాదు. అమెరికాలో కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్ ట్యూటర్ల శిక్షణ కార్యక్రమాలకు గుర్తింపునిస్తుంది. తొలి స్థాయికే కనీసం 10 గంటల శిక్షణ, 25 గంటల ట్యూటరింగ్ అనుభవం అడుగుతుంది. మా దగ్గర కనీసం ఆ 10 గంటలైనా లేవు. ఇప్పుడు కృత్రిమ మేధ రాసిచ్చిన వ్యాసాలతోనూ విద్యార్థులు వస్తున్నారు. దొంగను పట్టుకున్నట్లు నిలదీయకుండా, "ఇందులో మీ మాట ఏది?" అని అడగగలగాలి. అదీ నేర్చుకోవలసిన విద్యే.

అందుకే కొత్త ట్యూటర్‌ను విద్యార్థి ముందు కూర్చోబెట్టడానికి ముందే 10 గంటల శిక్షణ ఇప్పించండి. అనుభవజ్ఞుల పక్కన కూర్చొని చూసే సమయం అందులోనే ఉండాలి. ఆ తర్వాత వారానికి ఒక గంట, ఎదురైన చిక్కులను అందరం కలిసి మాట్లాడుకోవడానికి కావాలి. ఈ గంటలన్నీ జీతంతో కూడినవై ఉండాలి.

ఆ వారపు గంటను మేము సొంతంగా మొదలుపెట్టి చూశాం. మొదటి వారం ఆరుగురం వచ్చాం. మూడో వారానికి ఇద్దరమే మిగిలాం. మిగతావాళ్లకు ఆసక్తి లేక కాదు, ఆ సమయానికి వాళ్లు వేరే చోట డబ్బులొచ్చే పనికి వెళ్లాలి.

భవదీయ,
ఒక రైటింగ్ సెంటర్ ట్యూటర్