జ్వరం వస్తే ముందు చెప్పాల్సిన మాట

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో "ఆ మందు వేయించుకోమని పట్టుబట్టింది నేనే కదా నాన్నా" అని ఏడ్చావు. అప్పటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఫోన్‌లో అయితే మధ్యలో అడ్డొస్తావని రాస్తున్నాను.

మూత్రసంచిలో గడ్డ గీకి తీశాక, అది మళ్లీ రాకుండా నాకు ఎక్కించింది బీసీజీ. నువ్వు పుట్టినప్పుడు టీబీ రాకుండా భుజానికి వేయించిన టీకా మందే. మచ్చ ఇంకా ఉంది కదా. 1948లో మన దేశంలో ఆ టీకాలు మొదలైంది మన మదనపల్లెలోనే. ఆ మందు మూత్రసంచిలోకి ఎక్కిస్తే ఒంట్లోని రోగనిరోధక శక్తి అక్కడ రేగి క్యాన్సర్ కణాల మీద పడుతుందని 1976లో కెనడా డాక్టరు మొరాలెస్ రాశాడు. అందులో ఉన్నది నీరసపరిచిన టీబీ జాతి క్రిమే గానీ, బతికున్న క్రిమి.

వారానికొకటి చొప్పున ఆరు అన్నారు. ఎక్కించాక రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి. తర్వాత ఆరు గంటలపాటు, వెళ్లినప్పుడల్లా మరుగుదొడ్లో బ్లీచింగ్ పోసి పావుగంట ఉంచాలి. మీ అమ్మ చేతిలో మగ్గు, కళ్లు గోడ గడియారం మీద. మంట, సాయంత్రానికి కాస్త జ్వరం మామూలేనని ముందే చెప్పారు, అలాగే వచ్చి పోయాయి.

ఐదోది అయిన వారానికి మోకాళ్లు, చీలమండలు వాచాయి. చెప్పుల్లో కాలు పట్టలేదు. కళ్లు ఎర్రబడ్డాయి. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే చికున్‌గున్యా అన్నారు. ఆ డాక్టరును తప్పుపట్టను. మోకాలికీ మూత్రసంచికీ ఏం సంబంధమని నేనే బీసీజీ సంగతి చెప్పలేదు. ఎనిమిది రోజులు అలా పోయాయి. ఆ మందు ఎక్కించిన డాక్టరైతే చూడగానే గుర్తుపట్టాడు. కీళ్లలోకి క్రిమి పోలేదట, దాని మీద రేగిన రోగనిరోధక శక్తే కీళ్ల మీద, కళ్ల మీద పడిందట. చాలా అరుదు అన్నాడు. ఆరోది ఆపేసి వాపు తగ్గే మాత్రలిచ్చాడు. నెలన్నరకి మెట్లెక్కగలిగాను.

ఇంకోటి ఉంది, అది ఇంతకంటే ప్రమాదం. క్రిమి రక్తంలో కలిస్తే ఊపిరితిత్తులకో కాలేయానికో పాకుతుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక వెన్నుపూసలోనూ బయటపడొచ్చు. అందుకే గొట్టం పెట్టేటప్పుడు రక్తం కనిపిస్తే ఆ రోజు మందు ఎక్కించరు. అది సోకితే నెలల తరబడి టీబీ మందులు వాడాలి. మామూలు టీబీకిచ్చే పైరజినమైడ్ మాత్రం ఈ క్రిమి మీద పనిచేయదు. చూసే డాక్టరుకు బీసీజీ అని తెలియకపోతే ఎలా?

కాబట్టి ఒక కాగితం రాసి పర్సులో పెట్టుకున్నాను: "మూత్రసంచిలో బీసీజీ ఎక్కించారు, ఐదు సార్లు." తేదీలూ వేశాను. ఫొటో పంపుతున్నా, ఫోన్‌లో దాచుకో. నాకు చలితో జ్వరమొచ్చినా, విడవని నడుంనొప్పి వచ్చినా, ఏ ఆసుపత్రిలోనైనా ముందు ఆ మాటే చెప్పు.

నువ్వు పట్టుబట్టకపోతే నేను వేయించుకునేవాణ్ణి కాదు, నిజమే. రెండుసార్లు లోపల కెమెరా పెట్టి చూశారు, గడ్డ మళ్లీ రాలేదు. మూత్రసంచి తీసేయాల్సిన అవసరం రాలేదు. అది నీ మొండితనం వల్లే తల్లీ. ఇంకోసారి ఆ మాట అనకు.

వచ్చే నెల మళ్లీ చూస్తారు. సెలవు పెట్టుకుని రావద్దు, మీ అమ్మ ఉంటుంది. బయటికి రాగానే ముందు నీకే ఫోన్ చేస్తాను.

నాన్న