ఢిల్లీ–అమృత్‌సర్ యాత్ర: మీ 2,800 రూపాయల సంగతి

అందరికీ నమస్కారం.

మే నెలలో మీ పిల్లలు వెళ్లాల్సిన ఢిల్లీ–ఆగ్రా–అమృత్‌సర్ యాత్ర రద్దయ్యాక, ఒక్కొక్కరు కట్టిన 17,800లో 15,000 తిరిగి మీ ఖాతాల్లో వేశాను. మిగతా 2,800 ఏమైందని నలుగురు మర్యాదగా అడిగారు, ఇద్దరు మర్యాద లేకుండా అడిగారు. ఒకరు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో "పిల్లల ప్రాణాలతో బేరమాడిన మనిషి డబ్బు ఊరికే వదులుతాడా" అని రాశారు. ఆ గ్రూపులో నేను లేను. అయితే తెనాలి అంత పెద్ద ఊరేమీ కాదు, సాయంత్రానికల్లా ఆ మాట మా షాపు మెట్లెక్కింది.

పదహారేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. మీలో కొందరి పెళ్లిళ్లకు బస్సులు పెట్టింది నేనే. అందుకని లెక్క చెప్పే ముందు జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మరుసటి రోజే పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఏటా ఆ రోజు మా షాపుకు స్వీటు పెట్టెలు వస్తాయి. ఈసారి ఫోన్లు వచ్చాయి. చనిపోయినవారిలో కావలికి చెందినవారు, విశాఖపట్నంవారు ఉన్నారని తెలిశాక ఆ భయం ప్రతి ఇంట్లోకీ వచ్చింది. ఏడు కుటుంబాలవారు రెండు రోజుల్లోనే తమ పిల్లల్ని పంపబోమని చెప్పేశారు. వాళ్లలో ఒక తల్లి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అన్నయ్యా, డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటాం. పిల్లను మాత్రం పంపను."

నేనేం చేశానంటే, నవ్వాను. "పహల్గాం ఎక్కడ, అమృత్‌సర్ ఎక్కడ? విశాఖలో తుపాను వస్తే కర్నూలులో గొడుగు పట్టినట్టుందమ్మా మీ భయం" అన్నాను. పంపకపోవడం మీ ఇష్టం, డబ్బు మాత్రం తిరిగి రాదు అని కూడా అన్నాను.

ఆ నవ్వుకు నాకు సిగ్గుగా ఉంది. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఫొటోలు తీసుకుంటూ రాళ్ల మీద నిలబడ్డ పిల్లలు వాళ్లు. పైన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. అప్పటికే నేను ఈ పనిలో ఉన్నాను. ఆ ఏడాదంతా ప్రతి తల్లీ నన్ను అడిగింది ఒకటే, "అక్కడ నీళ్లున్నాయా?" అని. ఆరోజు ఎవర్నీ చూసి నవ్వలేదు. పదకొండేళ్లకు ఎందుకు నవ్వొచ్చిందో తెలియదు. సీజను మధ్యలో చేతిలో డబ్బు లేకపోవడమే కారణమని మా ఆవిడ అంటుంది.

ఇక అట్టారీ సంగతి. అమృత్‌సర్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలో సరిహద్దు దగ్గర సాయంత్రం జరిగే కవాతు చూడాలనే పిల్లలు సగం మంది ఈ యాత్రకు పేరు ఇచ్చారు. పహల్గాం తర్వాత అక్కడ గేట్లు తెరవడం, ఇరువైపుల సైనికులు చేతులు కలపడం మానేశారు, కానీ కవాతు మాత్రం సాగుతూనే ఉంది. స్కూలువారు అడిగినప్పుడల్లా నేను అదే చెప్పాను, "కవాతు జరుగుతోంది, జనం వెళ్తున్నారు" అని. అబద్ధం కాదు. నాకు కావలసినంత మేరకే నిజం.

మన రైలు మే 9 తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో విజయవాడలో ఎక్కాలి. రైలు టికెట్ల లెక్క మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పటి రూలు ప్రకారం, బయలుదేరడానికి 48 గంటల ముందు వరకు రద్దు చేస్తే థర్డ్ ఏసీకి మనిషికి 180 రూపాయలు, పైన జీఎస్‌టీ, అంతే పోయేది. ఆ గడువు దాటితే చార్జీలో 25 శాతం పోయేది. పన్నెండు గంటల లోపు అయితే సగం. అంటే నాకు మే 7 తెల్లవారుజాము వరకు సమయం ఉంది.

మే 5న కేంద్ర హోంశాఖ దేశంలో 244 జిల్లాల్లో పౌర రక్షణ మాక్ డ్రిల్ చేయాలని చెప్పింది. అందులో మన విశాఖ కూడా ఉంది. 6వ తేదీ సాయంత్రం స్కూలుకు వెళ్లాను. "రేపు డ్రిల్ అయ్యాక చూద్దాం, ఇప్పుడే రద్దు చేస్తే పిల్లలు ఏడుస్తారు" అన్నారు. నేను తలూపి వచ్చేశాను. తప్పు వాళ్లమీద తోసేయడానికి ఇది చెప్పడం లేదు. గడువు ఎప్పుడో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

ఆ రాత్రి పది గంటలకు షాపులో ఒక్కడినే కూర్చున్నాను. 44 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, నేను, మొత్తం 48 మందిమి. ఒక్కో టికెట్‌లో ఆరుగురి చొప్పున వెళ్లడానికి ఎనిమిది, రావడానికి ఎనిమిది. కంప్యూటర్‌లో మొదటి టికెట్ తెరిచాను. ఆరుగురు పిల్లల పేర్లు, పక్కన ఆరు గడులు, కింద రద్దు బటన్. ఒక్కో గడిలో టిక్కు పెట్టుకుంటూ ఆరో పేరు దాకా వచ్చాను. ఆ ఆరో పేరు, నన్ను అన్నయ్యా అని పిలిచిన ఆ తల్లి కూతురిదే. ఏప్రిల్ 25ననే రద్దు చేసి ఉండాల్సిన పేరు అది. అప్పుడు చేసి ఉంటే "ఈయన కూడా భయపడ్డాడు" అని మిగతా వాళ్లు అనుకుంటారని ఆపాను. ఇప్పుడు ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు అవుతుంది కదా అనిపించింది. ఇలాంటి ఆలోచన రాకూడదు, కానీ వచ్చింది. టిక్కులు తీసేసి, కంప్యూటర్ కట్టేసి, ఇంటికి వెళ్లి పడుకున్నాను.

ఒంటిగంట దాటాక ఆపరేషన్ సిందూర్ జరిగింది. నేను నిద్రపోతున్నాను. నాలుగు గంటలకు గడువు దాటింది. అప్పుడూ నిద్రపోతున్నాను. ఆరు గంటలకు మా అబ్బాయి లేపి టీవీ చూపించాడు.

పొద్దున్నే స్కూలువారితో మాట్లాడి, పదికల్లా పదహారు టికెట్లూ రద్దు చేశాను. వెళ్లే టికెట్లకు మనిషికి 460 దాకా పోయింది. తిరుగు టికెట్లకు ఇంకా గడువుంది కాబట్టి జీఎస్‌టీతో కలిపి 189 పోయింది. రాత్రి నేను నిద్రపోకుండా ఉంటే రెండు వైపులా 189 చొప్పునే పోయేది. ఆ తేడా మనిషికి 270, ఆ డబ్బు నాది. మీ లెక్కలో రాయను.

మే 10 సాయంత్రం కాల్పుల విరమణ ప్రకటించారు. ఆ రాత్రే ఒకాయన ఫోను చేసి "రెండు రోజులు ఆగలేకపోయారా?" అన్నారు. ఏప్రిల్‌లో "ఇంకా రద్దు చేయరా?" అని అడిగింది కూడా ఆయనే. నేను ఏమీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను: అయ్యా, 8వ తేదీ రాత్రి అమృత్‌సర్‌లో లైట్లు ఆర్పేశారు. ఆ ఊరి విమానాశ్రయంతో కలిపి దేశంలో 32 విమానాశ్రయాలు మూసేశారు. అట్టారీలో కవాతుకు ప్రేక్షకుల్ని రానివ్వడం ఆపేశారు. ఆ స్థితిలో మీ అబ్బాయిని రైలెక్కించి ఉంటే నాకు ఏ పేరు పెట్టేవారు?

ఇక హోటలు. అసలు దెబ్బ అక్కడే తగిలింది.

ఢిల్లీ కరోల్ బాగ్‌లో మనం దిగాల్సిన హోటల్‌వారు నేను అడగకముందే మొత్తం వెనక్కి పంపారు. బస్సాయన 40,000 అడ్వాన్సులో డ్రైవర్లకిచ్చిన 5,000 మినహాయించుకుని మిగతాది ఇచ్చాడు, న్యాయమే. అమృత్‌సర్ హోటల్‌కు మాత్రం పద్నాలుగు గదులు, రెండు రాత్రులకు 88,000 ముందే కట్టాను. వేసవి సీజను, పూర్తిగా కడితేనే గదులు ఆపుతామన్నారు. ఆరేళ్లుగా మా పిల్లలు దిగుతున్న హోటల్ కదా అని కట్టేశాను.

ఫోను చేస్తే ఆయన అన్న మాట: "హోటల్ తెరిచే ఉంది. మీరే రాలేదు."

లైట్లు ఆర్పిన ఊళ్లో 44 మంది పిల్లల్ని ఎలా దించమంటావని అడిగాను. రైళ్లు నడుస్తున్నాయి కదా అన్నాడు. కాగితం చూపించమన్నాడు. నా దగ్గర కాగితం ఎక్కడిది? "డబ్బు అందింది, 14 గదులు, 2 రాత్రులు" అని ఒక వాట్సాప్ సందేశం ఉంది, కింద చేతులు జోడించిన బొమ్మ ఉంది. రద్దయితే ఏమిటి అన్న ముక్క అందులో లేదు. తప్పు నాదే. పిల్లల పేర్లు ఆధార్ చూసి మరీ రాసుకునేవాడిని, 88 వేలకు చేతులు జోడించిన బొమ్మతో సరిపెట్టుకున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడినప్పుడు ఇదే మనిషి దగ్గర నా డబ్బు 30,000 ఉండిపోయింది. "జీతాలివ్వాలి భాయీ, కొన్నాళ్లు ఉంచండి" అన్నాడు. ఏడాదిన్నర అడగలేదు. ఆ సంగతి ఈసారి గుర్తుచేస్తే "అది వేరు" అన్నాడు. ఆరేళ్ల పరిచయం ఆ రెండు మాటలతో తీరిపోయింది.

చివరకు ఒక మెట్టు దిగి, వచ్చే మార్చి లోపు ఎప్పుడు వచ్చినా ఆ డబ్బుకు గదులు ఇస్తానన్నాడు. తెలివైన వ్యాపారి ఎవరైనా ఒప్పుకుంటాడు. నేను ఒప్పుకోలేదు. ఆ గడప మళ్లీ తొక్కనని చెప్పి ఫోను పెట్టేశాను. నెల రోజులు దీని మీదే ఇంట్లో వాదన. "మీ పౌరుషం ఖరీదు 88 వేలు" అంటుంది మా ఆవిడ. తను లెక్కల్లో నాకంటే గట్టిది. పోనీ ఆ ఆఫరు తీసుకుని, మీకు వచ్చే ఏడాది యాత్రలో సర్దుతానని చెబితే ఎలా ఉంటుందని ఎన్నో రాత్రులు ఆలోచించాను. కానీ మీ పిల్లలు పది పాసై వెళ్లిపోయారు. ఒకరు విజయవాడ, ఒకరు గుంటూరు, ఇంటర్‌లో చేరిపోయారు. వచ్చే మార్చిలో వాళ్లను ఎవరు పోగు చేస్తారు? మీ డబ్బుతో ఇంకెవరి పిల్లలో ఆ గదుల్లో పడుకుంటారు. అది నాకు నచ్చలేదు.

బీమా లేదా అని ఒకరు అడిగారు. తీసుకోలేదు. తీసుకున్నా యుద్ధం, దాడులు చాలా పాలసీల్లో మినహాయింపుల కింద ఉంటాయి. ఆశపడేంత ఏమీ ఉండేది కాదు.

కాబట్టి లెక్క ఇది. రైలు రద్దుకు రెండు వైపులా కలిపి 378, బస్సుకు మీ వంతు 114, మొత్తం 492 మీ ఖాతాలో తగ్గుతుంది. హోటల్ 88,000 నేనే భరిస్తాను, ఆ ఆఫరు కాదన్నది నేను కాబట్టి. ఒక్కొక్కరికి ఇంకా రావలసింది 2,308. జూలై 15 లోపు 1,308 వేస్తాను, మిగతా వెయ్యి దసరా లోపు. ఒకేసారి ఇవ్వలేను, నా దగ్గర లేదు. ఈ వేసవి మొత్తం మీద నాకు మిగిలింది అప్పే.

ఏప్రిల్‌లోనే వద్దని చెప్పిన ఆ ఏడుగురికి మాత్రం కోత ఏమీ లేదు, 2,800 పూర్తిగా ఈ వారంలోనే అందుతుంది. "మాకు లేనిది వాళ్లకెందుకు?" అని అడిగేవారు ఉంటారని తెలుసు. వాళ్లు సరైన మాట సరైన రోజున చెప్పారు, నేను వినలేదు. వాళ్ల టికెట్లు ఆరోజే రద్దు చేసి, ఆ హోటల్‌కు ఏడుగురు తగ్గారని అప్పుడే చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. ఇందులో ఇంక బేరం లేదు.

వచ్చే ఏడాది యాత్రలు ఉంటాయి. ముందు నాలుగో వంతు డబ్బే తీసుకుంటాను, ఏ హోటల్‌కైనా రద్దు షరతులు కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇస్తాను, ఆ కాగితం మీకు కూడా చూపిస్తాను. వెళ్లాలా వద్దా అన్నది బయలుదేరడానికి నాలుగు రోజుల ముందే తేల్చేస్తాం, టీవీలో ఏమి వస్తున్నా సరే. ఈ జనవరిలో అరకు, బొర్రా గుహలు అనుకుంటున్నాం. అమృత్‌సర్‌కు కూడా ఎప్పుడో వెళ్తాను. జలియన్‌వాలా బాగ్ చూపించకుండా పిల్లలకు ఆ పాఠం ఎందుకు? ఆ హోటల్‌కు మాత్రం వెళ్లను.

వాట్సాప్‌లో ఆ మాట రాసిన పెద్దమనిషికి: మీ డబ్బు కూడా మిగతా వాళ్లతో పాటే వస్తుంది. జూలైలో ఒకసారి, దసరాకు ఒకసారి. షాపుకు వస్తే టీ ఇస్తాను, ఆ మాట గురించి మాత్రం నేను ఎత్తను, మీరూ ఎత్తకండి.

ఇంకొకటి. యాత్ర కోసం కుట్టించిన నీలం టోపీలు షాపులో అట్టపెట్టెలో ఉన్నాయి. వాటితో పాటు మెడలో వేసుకునే పేరు కార్డులు కూడా ఉన్నాయి. వెనుకవైపు మీ ఫోను నంబర్లు ఉన్నాయి కాబట్టి అవి పారేయలేదు, మీరే వచ్చి తీసుకెళ్లండి. టోపీలు పిల్లలకే, వాటికి డబ్బు అక్కర్లేదు. మొత్తం 48 తెప్పించాను, ఒకటి మా అబ్బాయి పెట్టుకు తిరుగుతున్నాడు, 47 ఉన్నాయి. ఆదివారం తప్ప రోజూ రాత్రి ఎనిమిది వరకు షాపు తెరిచే ఉంటుంది.