రెండు పేజీలూ వేయండి

సంపాదకులకు,

పునరుజ్జీవన కాలంలో ఐరోపా పెద్దింటి పెళ్లిళ్లకు కానుకగా వెళ్లిన సంగీత రాతప్రతుల మీద మీ ఆదివారం సంచికలో వ్యాసం వచ్చినందుకు సంతోషం. కాని బొమ్మ విషయంలో పెద్ద లోపం జరిగింది. బంగారు అక్షరం ఉన్న ఎడమ పేజీ ఒక్కటే వేసి కుడి పేజీ కత్తిరించేశారు. దాంతో నాలుగు గొంతుల పాటలో రెండు గొంతులు పోయాయి.

ఇప్పటి పాశ్చాత్య స్కోరులో గొంతులన్నీ ఒకదాని కింద ఒకటి కలిపి ఉంటాయి. ఆ కాలపు బృందగాన గ్రంథంలో అలా ఉండవు. ఎడమ పేజీలో పైన సొప్రానో అనే అన్నిటికంటే పై గొంతు, కింద టెనర్. కుడి పేజీలో పైన ఆల్టో, కింద బాస్ అనే అన్నిటికంటే కింది గొంతు. తాళం విడగొట్టే నిలువు గీతలుండవు. గాయకులంతా ఒకే పుస్తకం ముందు నిలబడి ఎవరి భాగం వాళ్లు చదువుకుంటారు. పేజీ అందరికీ ఒక్కసారే తిరుగుతుంది కాబట్టి నాలుగు భాగాలూ పాటలో ఒకే చోటికి వచ్చి ఆగాలి. టెనర్‌కు చాలాసార్లు దీర్ఘ స్వరాలు కొన్నే ఉంటాయి, పై గొంతుకు చిన్న స్వరాలు బోలెడు. అందుకే లేఖకుడు కలం పట్టకముందే ఏ గొంతుకు ఎన్ని వరసలు కావాలో లెక్క వేసుకోవాలి. లెక్క తప్పితే ఒకరికి పేజీ తిప్పాల్సిన సమయం వస్తుంది, మిగతా ముగ్గురికి ఇంకా పాట మిగిలే ఉంటుంది. ఈ నేర్పు చూడాలంటే తెరిచిన పుస్తకం రెండు పేజీలూ కనబడాలి.

బంగారం పూశాక స్వరాలు రాశారన్న వాక్యం కూడా సరికాదు. మామూలుగా ముందు గీతలు, స్వరాలు, సాహిత్యం రాస్తారు. పెద్ద అక్షరానికి చోటు వదిలి, చిత్రకారుడి కోసం అక్కడ చిన్నగా ఆ అక్షరం రాసిపెడతారు. పని సగంలో ఆగిన పుస్తకాల్లో ఆ బుల్లి అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. తర్వాత జిప్సం, సీసపు తెలుపు, జిగురు, కొంచెం తేనె లేదా చక్కెర కలిపి ఉబ్బెత్తుగా పూత వేస్తారు. అది ఆరాక నోటి ఆవిరితో తడి చేసి బంగారు రేకు అంటించి, నునుపు రాయితోనో కుక్క కోరతోనో మెరుగు పెడతారు. రంగులు ఆ తర్వాతే. రంగు ముందు వేస్తే అందులోని బంకకు రేకు అంటుకుంటుంది, మెరుగు పెట్టేటప్పుడు రంగూ చెదురుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది మెడిచి కోడెక్స్ అనే సంగీత రాతప్రతి గురించి. ఇందులో 53 మోటెట్లు (పలు గొంతులు కలిసి పాడే మతసంబంధ పాటలు) ఉన్నాయి. ఉర్బీనో డ్యూక్ లొరెంజో ది మెడిచి, మాదెలెన్ ద లా టూర్ దొవెర్న్యల 1518 నాటి పెళ్లితో దీన్ని ముడిపెడతారు. ఇది ఫ్రెంచి ఆస్థానం నుంచి వచ్చిన కానుక అని మీ వ్యాసం ఖాయంగా చెప్పేసింది. 1968లో దీన్ని సంపాదకత్వం వహించి ప్రచురించిన ఎడ్వర్డ్ లొవిన్‌స్కీ ఆ వాదం చేసిన మాట నిజమే. తర్వాతి పరిశోధకులు లేఖకుల చేతిరాతలు పోల్చి, లొరెంజో పినతండ్రి పదో లియో పోప్‌గా ఉన్న రోమ్ వైపు మొగ్గారు. నాకూ ఈ వాదమే బలంగా తోస్తుంది. పుస్తకంలో వేసిన వంశచిహ్నం ఒక్కదాన్నే నమ్మి, అది ఎవరిదో తీర్పు చెప్పడం ప్రమాదం. వాటికన్‌లోని కీజీ కోడెక్స్ అనే మరో సంగీత రాతప్రతిలో మొదటి యజమాని బూతోన్ వంశచిహ్నాల మీద తర్వాత ఒక స్పానిష్ కుటుంబం తన చిహ్నాలు వేయించుకుంది.

ఇంకో సంగతి మీ వ్యాసంలో అసలే రాలేదు. ఈ పెళ్లి పుస్తకంలోనే ఒక చావుపాట ఉంది! 1497లో కన్నుమూసిన స్వరకర్త ఒకెగెమ్ మీద జోస్కాన్ అనే మరో స్వరకర్త కట్టిన ఐదు గొంతుల విలాపగీతం అది. 1500 ప్రాంతంలో స్వరాలను సాధారణంగా లోపల ఖాళీగా వదిలి రాసేవారు. ఈ పాటలో మాత్రం సంతాప సూచనగా స్వరాలన్నీ నల్లగా నింపారు. ఈ ఒక్క పాట చూసినా పాఠకుడికి ఆ గ్రంథం మీద గౌరవం పెరుగుతుంది.

పచ్చ రంగు చుట్టూ కనిపించే గోధుమ మరకలు తేమ మరకలని రాశారు. ఇలాంటి చాలా పుస్తకాల్లో అది రాగి చిలుముతో చేసిన రంగు పని. అది పేజీలుగా వాడిన తోలును తినేస్తుంది, ఒక్కోచోట చిల్లు కూడా పడుతుంది. తేమ చేసే చేటు వేరు. తోలు ఉబ్బి, ముడుచుకుంటుంటే పైనున్న బంగారపు పూత పగిలి రాలిపోతుంది. ఇక వెలుతురుకు రంగులు వెలిసిపోతాయి కాబట్టి ప్రదర్శనలో సాధారణంగా అది 50 లక్స్ (వెలుతురు కొలమానం) దాటనివ్వరు, ఒకే పేజీని ఎక్కువకాలం తెరిచి ఉంచరు.

మరోసారి ఇలాంటి బొమ్మ వేస్తే తెరిచిన రెండు పేజీలూ కలిపి వేయండి, కింద గ్రంథాలయం పేరు, దాని సంఖ్య ఇవ్వండి. మెడిచి కోడెక్స్ ఫ్లారెన్స్‌లోని లారెన్షియన్ గ్రంథాలయంలో ఉంది; సంఖ్య అక్విస్తి ఎ దోని 666.

– ఒక పాఠకుడు