తెరచాప పోటీకి మైకు ఒక్కటే చాలదు

ఎడిటర్ గారికి,

సంక్రాంతికి తెడ్ల పడవల పోటీలు బాగున్నాయి కదా, ఇక తెరచాప పడవలతో కూడా పెట్టేద్దామని మా కోనసీమ కుర్రాళ్లు ఉబలాటపడుతున్నారు. పెట్టండి, కాదనను. కానీ మైకులో ‘ఒకటి, రెండు, మూడు’ అని వదిలేస్తే కుదరదు, ఎందుకంటే చాప ఎత్తిన పడవ బయలుదేరే గీత దగ్గర కదలకుండా నిలబడదు. అందుకే తెరచాప పోటీల అంతర్జాతీయ సంస్థ వరల్డ్ సెయిలింగ్ నిబంధనల్లో 5 నిమిషాల ముందు ఒక జెండా ఎగరేస్తారు, 4 నిమిషాలుండగా రెండోది లేస్తుంది, ఒక్క నిమిషం ఉందనగా ఆ రెండోది దించుతారు, మొదటిది దిగాక బయలుదేరడమే. జెండాతోపాటు చేసే మోత వినపడకపోయినా జెండానే లెక్క. ముందే గీత దాటినవాడు వెనక్కొచ్చి మళ్లీ దాటాలి. ఆటు మీద, అంటే నీరు సముద్రంలోకి లాగే వేళ పెడితే, సగం పడవలు అలాగే గీత దాటి కొట్టుకుపోతాయి, వేళ చూసుకోండి.

ఎదురుపడినప్పుడు ఎడమవైపు నుంచి గాలి తగిలే పడవ, కుడివైపు నుంచి తగిలే పడవకి దారివ్వాలి. ఇవ్వకపోతే పక్కకెళ్లి రెండు చుట్లు తిరగడమే శిక్ష, ఒడ్డున కేకలేసుకోవడం కాదు.

లైఫ్ జాకెట్ లేనివాడిని, ఎవరి బావమరిదైనా సరే, పడవ ఎక్కనివ్వొద్దు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునగడం చూశాం కదా. పోటీ జరిగే ఆ గంటసేపు రేవు దాటించే పంటు ఆపించండి, వలలవాళ్లకి ముందురోజే చెప్పండి.

– ఓ పాఠకుడు, అంతర్వేది