చద్దన్నంలో బి12 ఎక్కడిది?

సంపాదకులు గారికి,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో చద్దన్నం గురించి వచ్చిన వ్యాసం చదివాను. మాది భీమవరం దగ్గరి పల్లె. మా నాయనమ్మ ఉన్నంతకాలం వంటింటి మూల తరవాణి కుండ, అంటే అన్నం నానబెట్టి పులియబెట్టే కుండ, కదలలేదు. మూత తీస్తే వచ్చే ఆ పులుపు వాసన నాకిప్పటికీ గుర్తే. కాబట్టి వ్యాసకర్తకు చద్దన్నం మీద ఉన్న అభిమానాన్ని నేను తప్పు పట్టను. అయితే రాత్రంతా నానిన అన్నంలో బ్యాక్టీరియా బి12 విటమిన్‌ను పుష్కలంగా తయారుచేస్తుందనీ, అందువల్ల శాకాహారులకు మాత్రలు అక్కరలేదనీ రాసిన మాట మాత్రం సరైనది కాదు. ముప్పై ఏళ్లకు పైగా కళాశాలలో జీవశాస్త్రం చెప్పినవాడిగా ఆ మాటను అలా వదిలేయలేక ఈ లేఖ రాస్తున్నాను.

ఏ బ్యాక్టీరియా ఏ విటమిన్ తయారుచేయగలదన్నది దాని దగ్గర ఉన్న జన్యువులను బట్టి ఉంటుంది. బి12 అణువు నడుమ ఒక కోబాల్ట్ పరమాణువు ఉంటుంది. దాని చుట్టూ వలయాన్ని అల్లి పూర్తి చేయడానికి సుమారు ముప్పై అంచెలు పడతాయి. దాదాపు ప్రతి అంచెకూ ఒక ఎంజైమ్ కావాలి, ఆ ఎంజైమ్‌కు ఒక జన్యువు కావాలి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలో ఈ పనికి సంబంధించిన సుమారు ఇరవై జన్యువులు క్రోమోజోమ్ మీద ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉన్నాయి. ఇదే అణువును ప్రయోగశాలలో నిర్మించడానికి వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ బృందాలలోని వందమందికి పైగా రసాయన శాస్త్రజ్ఞులకు పదేళ్లు దాటింది. 1972లో గానీ పని పూర్తి కాలేదు. ఇంత ఖర్చుతో కూడిన పని గనుక బ్యాక్టీరియా కూడా పొదుపు పాటిస్తుంది. కణంలో బి12 సరిపడా ఉంటే, ఆ జన్యువుల నుంచి నకలైన ఆర్‌ఎన్‌ఏ తానే బి12 అణువును పట్టుకుని ముడుచుకుపోయి, ఎంజైమ్‌ల తయారీని నిలిపేస్తుంది. చాలా బ్యాక్టీరియాకు ఈ జన్యువుల మూట పూర్తిగా లేదు, అవి ఇరుగుపొరుగు సూక్ష్మజీవుల నుంచి బి12 తెచ్చుకుంటాయి. మొక్కలకు, జంతువులకు, బూజులకు ఆ మూట అసలే లేదు. అందుకే వరిగింజలో బి12 ఉండదు.

ఇక చద్దన్నాన్ని పులియబెట్టేవి ప్రధానంగా లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా. లాక్టోబాసిల్లస్ రూటరీ లాంటి ఏ కొద్దింటినో మినహాయిస్తే వాటికి బి12 తయారుచేసే జన్యువులు లేవు. పైగా వాటిలో కొన్ని బి12 కోసం ఎదురుచూసేవే. 1948లో బి12ను శుద్ధరూపంలో వేరుచేసినప్పుడు, ఏ సారంలో ఆ పదార్థం ఉందో పసిగట్టడానికి అమెరికాలో వాడినది బయటి నుంచి బి12 అందకపోతే పెరగని ఒక లాక్టోబాసిల్లస్‌నే! మన చద్దన్నంలో ఏ కాస్తైనా బి12 ఉందంటే అది అందులో కలుపుకున్న పెరుగు నుంచి వచ్చింది. పెరుగులోకి పాల నుంచి, పాలలోకి గేదె మొదటి పొట్టలో మేతను పులియబెట్టే సూక్ష్మజీవుల నుంచి వచ్చింది. మన పెద్దపేగులోనూ బి12 చేసే బ్యాక్టీరియా ఉంది గానీ, శరీరం దాన్ని గ్రహించేది అంతకు ముందే, చిన్నపేగు చివరి భాగంలో; పెద్దపేగులో తయారైనది మనకు దాదాపు దక్కదు.

వ్యాసకర్త బి12నూ, బి9 విటమిన్ అయిన ఫోలేట్‌నూ ఒకే గాటన కట్టినట్టు అనిపిస్తోంది. ఫోలేట్ సంగతి వేరు. తోటకూర, గోంగూర కూడా దాన్ని తయారుచేసుకుంటాయి. పులియబెట్టే బ్యాక్టీరియాలో కొన్ని రకాలూ చేయగలవు, మరికొన్ని చేయలేవు. చేయలేని వాటిలో ఒకటైన లాక్టోబాసిల్లస్ కేసీ వల్లనే మన ప్రాంతానికి ఒక పేరు వచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు. ఫోలేట్ లేని ద్రవంలో అది పెరగదు; కాలేయ సారమో, ఆకు సారమో ఒక చుక్క వేస్తే అది పెరిగి గాజు గొట్టంలోని ద్రవం మసకబారుతుంది. ఎంత మసకబారితే అంత ఫోలేట్ ఉన్నట్టు. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థ 1945లో ఫోలేట్‌కే ఒక రూపమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అంతకు ముందు ఆ పదార్థాన్ని పిలిచిన పేర్లలో ఒకటి ‘ఎల్. కేసీ కారకం’. స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి సోదరులను పోగొట్టుకున్న సుబ్బారావు గారికి, ఆ వ్యాధి వల్ల వచ్చే రక్తహీనతను తగ్గించే మందు చేతికందింది.

ఈ రెండు విటమిన్లనూ కలిపేస్తే ప్రమాదం ఏమిటో మా పెద్దమ్మ విషయంలో చూశాను. ఆవిడ పూర్తి శాకాహారి, పాలు కూడా తాగేది కాదు. రక్తం తక్కువగా ఉందని ఒక వైద్యుడు ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాస్తే హిమోగ్లోబిన్ పెరిగింది, అందరం ఊరటపడ్డాం. ఏడాది తిరిగేసరికి వీధిలో చెప్పు జారిపోయినా తెలియనంతగా అరికాళ్లు మొద్దుబారాయి. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని సరిచేస్తుంది గానీ బి12 లోపంతో జరిగే నరాల నష్టాన్ని ఆపలేదని, వేరే ఊళ్లో బి12 పరీక్ష చేయించాకే మాకు తెలిసింది. ఇంజెక్షన్లతో నడక కుదుటపడింది, తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు.

మనిషికి రోజుకు కావలసిన బి12 రెండు, రెండున్నర మైక్రోగ్రాములే అయినా అది ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. తరవాణి తాగమని రాయండి, వేసవిలో నేనూ తాగుతాను. కానీ మాత్రలు మానవచ్చన్న వాక్యానికి రాబోయే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో సవరణ వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా