మూత కోసే ముందు

అమ్మలూ,

పెట్టె ఫొటోలు చూశాను. ఆరు వైపులా మూసేసి ఉండటం చూసి మీ అమ్మ, "దీన్ని తెరిచేదెలా?" అని ఒకటే నవ్వు. నువ్వు చేసింది సరైన పద్ధతే. మూతను, పెట్టెను విడివిడిగా చేసి కలపాలంటే ఎంత చేయి తిరిగినవాడికైనా వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఒకటిగా అతికించి తర్వాత కోస్తే రెండూ ఒకే కొలతలో ఉంటాయి. టేకు చారలు కూడా కింది నుంచి మూత మీదికి వరస తప్పకుండా సాగిపోతాయి.

మీ వర్క్‌షాపులో టేబుల్ సా, అదే బల్ల మధ్యలోంచి పైకొచ్చి తిరిగే రంపం, ఉందన్నావు. దాని బ్లేడు సుమారు 3 మి.మీ. కర్రను తినేస్తుంది, పెట్టె ఎత్తు ఆ మేర తగ్గుతుంది. నీ మూలల్లో రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు కలిసే వేళ్ల జాయింట్లు ఉన్నాయి కాబట్టి గీత ఎక్కడ పడుతుందో చూసుకో. రెండు వేళ్ల సందులో కోస్తే ఒకటి సన్నబడి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ఒక వేలికి సరిగ్గా నడుమన కోస్తే పైనా కిందా సమానంగా మిగిలి, కావాలనే అలా చేసినట్టుంటుంది. ఇంకో పెట్టె చేసినప్పుడు ఆ ఒక్క వేలునీ ముందే వెడల్పుగా పెట్టుకో.

అసలు ప్రమాదం నాలుగో వైపు దగ్గర. నాలుగూ పూర్తిగా తెగనిచ్చావో, చివర్లో మూత వదులై బ్లేడు మీదికి వాలుతుంది. అంచు పాడవడం ఒక ఎత్తు, బ్లేడు దాన్ని పట్టుకుని నీ వైపే విసరడం ఇంకో ఎత్తు. అందుకే పూర్తిగా కోయకు. నీ పలక మందం 12 మి.మీ. అయితే బ్లేడు ఎత్తు 11 దాటి కొంచెం, అంతే. లోపల కాగితం అట్టంత పొర మిగలాలి. అదే మందం ఉన్న తుక్కు ముక్క మీద ముందు కోసి చూడు. ఎత్తు మార్చేటప్పుడు ప్లగ్గు పీకెయ్. నాలుగుసార్లూ మూత పైముఖమే బ్లేడు పక్కనుండే అడ్డుపట్టీకి, అదే ఫెన్స్‌కి ఆనాలి, లేకపోతే మూలల్లో మెట్టు పడుతుంది. ఈ కోతకు బ్లేడు మీద ఉండే రక్షణ తొడుగు (గార్డు) తీయాల్సి వస్తుంది కాబట్టి చేతులు బ్లేడు దారిలో పెట్టకు, తోసే దిమ్మెతోనే తొయ్యి. గీత మీద మాస్కింగ్ టేప్ అంటిస్తే అంచు పెచ్చులు లేవదు.

ఆ మిగిలిన పొరను పదునైన చాకుతో గాడి వెంట మెల్లగా తెంపు. దీనికి టెన్షన్ అక్కర్లేదు, తొందర పనికిరాదు. ముందే ఒక మూల దగ్గర మూతనూ పెట్టెనూ కలుపుతూ పెన్సిల్‌తో అడ్డంగా ఒక గుర్తు పెట్టు. మూత అటుదిటు అయితే చారలు కలవవు, తర్వాత ఎంత తిప్పినా ఏ వైపు ఏదో తేలదు.

నన్నడిగితే చిన్న పెట్టెకి సన్నని చేతి రంపమే మేలు. కర్ర తక్కువ పోతుంది, మిషన్ చప్పుడు ఉండదు. నాలుగు వైపులా గీత గీసి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, కొంత కోసి తిప్పుకుంటూ పోవాలి. ఒకే వైపు నుంచి లోతుగా దిగావో, అవతల వంకర తేలుతుంది. టేకులో సిలికా ఉంటుంది, రంపం పదును తొందరగా పోతుంది. మధ్యలో లాగడం బరువైతే అది నీ చేతి తప్పు కాదు.

అంచులు సాఫు చేయాలంటే చదునైన గాజు పలక మీద 120 నంబరు ఉప్పు కాగితం అంటించి, పెట్టెను దాని మీద రుద్దు. కాగితం చేత్తో పట్టి రుద్దితే అంచు గుండ్రంగా నలిగిపోతుంది. తర్వాత మూత పెట్టి, వెనక లైటు పెట్టి చూడు, సందు ఉంటే వెలుగు కనిపిస్తుంది.

బందులు మాత్రం ఇప్పుడే బిగించకు. ఇత్తడి స్క్రూలు టేకులో ఇట్టే విరుగుతాయి. ముందు సన్నగా రంధ్రం చేసి, అదే సైజు ఇనుప స్క్రూతో దారి చేశాకే ఇత్తడివి ఎక్కించాలి. పండక్కి వస్తావుగా, పెట్టె తెచ్చుకో. బందులు నా దగ్గరున్నాయి.

నాన్న